డైనోసార్ల గోలలో అసలు లెక్క

అమెరికా ఎన్నికలంటే మనకు తెలిసింది ఒక్కటే. నాలుగేళ్లకోసారి అధ్యక్షుడు ఎవరవుతాడు, మన పిల్లల వీసాల గతేమిటి? అంతకుమించి పట్టించుకోం. కానీ మన కూతుళ్లూ కోడళ్లూ ఇంతమంది కాపురాలుంటున్న టెక్సస్ రాష్ట్రంలో ఇంకో ఎన్నిక జరుగుతుంది. బళ్లో పిల్లలు ఏం నేర్చుకోవాలి, ఏ పుస్తకం పనికొస్తుంది, ఏది పనికిరాదు అని తేల్చే పదిహేను మందిని అక్కడి జనం ఓట్లేసి ఎన్నుకుంటారు. స్టేట్ బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్ అంటారు. మనం రాష్ట్ర విద్యాబోర్డు అనుకుందాం.

మా అమ్మాయి వాళ్లు డాలస్ దగ్గర ఉంటారు. అక్కడికి వెళ్లినప్పుడు సాయంత్రాలు పార్కులో తెలుగు తల్లులు కలుస్తుంటారు. ఏ బడికి ఎంత రేటింగు, ఏ బడి పరిధిలో ఇల్లు కొంటే ఎంత ఎక్కువ పెట్టాలి, ఏ టీచరు లెక్కలు బాగా చెబుతుంది, అన్నీ వాళ్లకు నోటికొచ్చు. మీ ప్రాంతం నుంచి విద్యాబోర్డులో ఉన్నదెవరమ్మా అని అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అదంతా స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్లు చూసుకుంటారు కదా ఆంటీ?" అందొక అమ్మాయి.

అదీ నిజమే, కానీ సగమే. ఊళ్లో బళ్లను నడిపేది స్కూల్ డిస్ట్రిక్ట్ బోర్డు. దాని ఎన్నిక వేరు. ఆ పైన, ఆస్టిన్‌లో కూర్చునేది రాష్ట్ర బోర్డు. మూడో తరగతి పిల్లకు సైన్సులో ఏం రావాలి, ఎనిమిదో తరగతి చరిత్రలో ఎవరి పేర్లుండాలి అన్నది అక్కడ తేలుతుంది. రాష్ట్రంలో ప్రభుత్వ బళ్లలో చదివే పిల్లలు దాదాపు 55 లక్షలు. ఒక్కో సభ్యుడి కింద దాదాపు 19 లక్షల జనాభా. అంటే అక్కడి పార్లమెంటు సభ్యుడికన్నా రెట్టింపు పైనే. పదవి నాలుగేళ్లు, జీతం లేదు. డబ్బు సంగతులు శాసనసభవి, రోజువారీ పెత్తనం గవర్నర్ నియమించిన కమిషనర్‌ది, ఆయన కింద నడిచే టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీది. పాఠం మాత్రం ఈ పదిహేను మందిది.

మన దగ్గర ఈ గొడవ లేదు. పాఠ్యపుస్తకాలు రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థలో తయారవుతాయి. మనల్నెవరూ ఓటడగరు. అందుకే, పుస్తకాల కోసం ఒక టీచరమ్మ ఎన్నికల్లో నిలబడి ఊరూరా తిరిగిందంటే మనకు వింతగానే ఉంటుంది.

నిజంగానే ఒకావిడ తిరిగింది. పేరు మేరీ లూ బ్రూనర్. తూర్పు టెక్సస్‌లో మినియోలా అనే చిన్న ఊరు. చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన టీచరు. 2016లో తొమ్మిదో నంబరు సీటుకు రిపబ్లికన్ పార్టీ తరఫున నిలబడాలని పోటీపడింది.

ఆ సీటు సంగతి ముందు చెప్పాలి, అది మామూలు సీటు కాదు. అంతకుముందు అక్కడ డాన్ మెక్‌లెరాయ్ అనే పళ్ల డాక్టరుండేవాడు. బోర్డుకు అధ్యక్షుడిగా కూడా చేశాడు. జీవ పరిణామ సిద్ధాంతం ఆయనకు గిట్టదు. నిపుణులకు ఎవరో ఒకరు ఎదురు నిలవాలి కదా అని 2009లో బోర్డు సమావేశంలోనే అన్నాడు. చదువు గురించి నిర్ణయించే కుర్చీలో కూర్చుని చదువుకున్నవాళ్లకు ఎదురు నిలవాలనడం నాకైతే మింగుడుపడలేదు. 2010లో పార్టీ లోపలి ఎన్నికలోనే థామస్ రాట్లిఫ్ చేతిలో చాలా కొద్ది తేడాతో ఓడిపోయాడు. 2016లో ఆ రాట్లిఫ్ మళ్లీ పోటీ చేయనన్నాడు. సీటు ఖాళీ. అక్కడ రిపబ్లికన్లదే బలం కాబట్టి పార్టీ టికెట్ ఎవరికొస్తే వాళ్లు గెలిచినట్టే.

బ్రూనర్ ఫేస్‌బుక్‌లో రాసుకున్న రాతలు బయటికొచ్చాయి. నోవా ఓడలోకి డైనోసార్ పిల్లలు కూడా ఎక్కాయట. ఓడ దిగాక అవి పెరిగి సంతానం కనేలోపే అంతరించిపోయాయట. బళ్లలో పరిణామ సిద్ధాంతం చెప్పడం మొదలుపెట్టాకే బళ్లలో కాల్పులు మొదలయ్యాయట. అధ్యక్షుడు ఒబామా మీద రాసినవి ఈ పేజీలో చెప్పుకునేవి కావు. దేశమంతా పత్రికలు రాశాయి, టీవీల్లో పడీపడీ నవ్వారు. ఇంత నవ్వులపాలయ్యాక ఆవిడకు డిపాజిట్ కూడా దక్కదనుకుంటాం కదా? 2016 మార్చి 1న ముగ్గురు పోటీపడితే అందరికన్నా ముందు నిలిచింది ఆవిడే. 48 శాతం దాకా ఓట్లొచ్చాయి. ఇంకో రెండు శాతం వచ్చుంటే అప్పుడే తేలిపోయేది. సగం దాటలేదు కాబట్టి రెండో విడత పోటీ పెట్టాల్సొచ్చింది.

ఆ ఓట్లేసినవాళ్లు తెలివితక్కువ వాళ్లని నేననుకోను. మన వీధిలో ముప్పై ఏళ్లు పిల్లలకు అక్షరాలు దిద్దించిన టీచరమ్మ ఎన్నికల్లో నిలబడితే మనం మాత్రం ఏం చేస్తాం? ఆవిడ ఏమేం నమ్ముతుందో ఎవరడుగుతారు? మా పిల్లలకు చదువు చెప్పింది, మంచిది, గుడికెళ్తుంది, చాలు. పైగా ఎక్కడో న్యూయార్క్ వాళ్లు మన టీచరమ్మను చూసి నవ్వుతున్నారంటే మనకు రోషమొస్తుంది. వాళ్లు నవ్వినకొద్దీ ఈవిడకు ఓట్లు పెరుగుతాయి. అక్కడ జరిగింది అదేనని నా అనుమానం.

మరి ఆవిడ గెలిచిందా? లేదు. ఎక్కడ ఓడిందో చూడండి.

మే నెలలో ఆ చుట్టుపక్కల స్కూల్ డిస్ట్రిక్టుల సూపరింటెండెంట్లు, అంటే బళ్లన్నిటికీ పెద్ద అధికారులు, ఆవిడను పిలిచి మాట్లాడమన్నారు. డైనోసార్ల గురించి కాదు, బళ్ల గురించి. ఆవిడ కొన్ని అంకెలు చెప్పింది. ప్రత్యేక విద్య అవసరమైన పిల్లలు ఎంతమంది ఉన్నారో చెప్పిన లెక్క వాస్తవానికి ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ బళ్లను రోజూ నడిపేవాళ్లు ఎదురుగా కూర్చున్నారాయె! అది తప్పండీ అని అక్కడికక్కడే చెప్పారు. ఆవిడ దిద్దుకోలేదు. అంతవరకూ వెనకుండి నడిపించిన సంఘం ఒకటుంది, పక్కా సంప్రదాయవాదులు. డైనోసార్లకు కదలని ఆ సంఘం ఈ తప్పుడు లెక్కలకు కదిలింది. ఆవిడకిచ్చిన మద్దతు వెనక్కి తీసుకుంది. మే 24న రెండో విడతలో లఫ్కిన్ ఊరి స్కూల్ బోర్డు అధ్యక్షుడు కెవెన్ ఎల్లిస్‌కు 59 శాతం, ఆవిడకు 41. ఆ ఎల్లిస్ కూడా రిపబ్లికనే. తర్వాత రాష్ట్ర బోర్డుకే అధ్యక్షుడయ్యాడు.

మూడు నెలలు దేశమంతా నవ్వితే జరగనిది, బడి సంగతి తెలిసినవాళ్లు ఒక్కపూట ఎదురుగా కూర్చుని లెక్క అడిగితే జరిగింది. ఈ కథ మీకు చెప్పాలనుకున్నది ఇందుకే.

కథ అక్కడితో ఆగలేదు. ఆవిడ తప్పు చెప్పిన అంకె వెనక ఒక నిజమైన అంకె దాక్కుని ఉంది. నాలుగు నెలలు తిరక్కుండా, 2016 సెప్టెంబరులో, హ్యూస్టన్ క్రానికల్ పత్రిక దాన్ని బయటపెట్టింది. ఆ అంకె 8.5 శాతం.

దేశం మొత్తం మీద బళ్లలో ఇంచుమించు 13 శాతం పిల్లలు ప్రత్యేక విద్య కింద సాయం అందుకుంటారు. మాట ఆలస్యమైన పిల్లలు, ఆటిజం ఉన్నవాళ్లు, చూపు, వినికిడి లోపాలున్నవాళ్లు, చదువులో ఒక చోట పదేపదే తట్టుకునేవాళ్లు. టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ 2004లో 8.5 శాతాన్ని గీటుగా పెట్టుకుంది. ఏ స్కూల్ డిస్ట్రిక్టులోనైనా అంతకు మించి పిల్లలుంటే తనిఖీ లెక్కల్లో ఆ డిస్ట్రిక్టుకు చెడ్డపేరు. ఎవరూ బహిరంగంగా ఓటేసి పెట్టిన నియమం కాదిది. చివరికి రాష్ట్రం మొత్తం సరిగ్గా 8.5 దగ్గరికే వచ్చి ఆగింది. పిల్లల్లో లోపాలు ఉన్నట్టుండి తగ్గిపోతాయా? పరీక్ష చేయకపోతే తగ్గినట్టే కనిపిస్తాయి. 2017లో శాసనసభ అలాంటి గీట్లు పెట్టకూడదని చట్టం చేసింది. 2018 జనవరిలో కేంద్ర విద్యాశాఖ, ఇది దేశ చట్టానికి విరుద్ధమని తేల్చిచెప్పింది. అటుపైన ఆ వాటా పెరుగుతూ వచ్చి 12 శాతం దాటింది.

అంటే ఏమిటన్నమాట? ప్రత్యేక విద్య పిల్లలు లెక్కకు మించి ఉన్నారని ఒక అభ్యర్థి వేదికెక్కి చెబుతున్న రోజుల్లో, సాయం కావాల్సిన వేలాది పిల్లలు గుమ్మం బయటే నిలబడి ఉన్నారు. పత్రికలన్నీ నోవా ఓడ చుట్టూ తిరుగుతున్నాయి.

అక్కడ నాకు తెలిసిన ఒక తెలుగు తల్లి ఉంది. కొడుక్కి ఐదేళ్లొచ్చినా రెండు మాటలు కలిపి మాట్లాడేవాడు కాదు. బళ్లో అడిగితే, ఇంట్లో తెలుగు మాట్లాడతారు కదా, రెండు భాషల మధ్య తికమక, ఇంకో ఏడాది చూద్దాం అన్నారట. అత్తగారు ఫోన్లో, మీ ఆయనకూ ఆలస్యంగానే మాటలొచ్చాయిలే అన్నారట. ఆ పిల్ల ఇద్దరి మాటా నమ్మింది. ఏడాదిన్నర పోయింది. "గట్టిగా అడిగితే గొడవపడుతున్నాననుకుంటారేమో, మనది హెచ్‌ఫోర్ వీసా కదా ఆంటీ" అంది నాతో. పిల్లాడి పరీక్షకూ వీసాకూ సంబంధం లేదని చెప్పినవాళ్లే లేరు పాపం.

నిజంగానే లేదు. అది పిల్లల హక్కు. పరీక్ష చేయండి అని తల్లిదండ్రులు కాగితం మీద రాసిస్తే టెక్సస్‌లో 15 బడి పనిదినాల్లో జవాబివ్వాలి. చేస్తామనో, ఎందుకు చేయడంలేదో రాసివ్వాలి. తల్లిదండ్రులు ఒప్పుకుని సంతకం పెట్టాక మామూలుగా 45 బడి పనిదినాల్లో పరీక్ష ముగించి నివేదిక ఇవ్వాలి. నోటిమాటగా అడిగితే ఈ గడువు మొదలవదు. అందుకే రాసివ్వాలి, తేదీ వేయాలి, ఒక కాపీ దగ్గరుంచుకోవాలి. మీ అమ్మాయి అక్కడుంటే ఈ నాలుగు మాటలు ఈ రాత్రే ఫోన్లో చెప్పండి. ఊరగాయ సంగతి రేపు మాట్లాడొచ్చు.

ఇక పాఠాల గొడవ. అది ఇప్పటికీ నడుస్తూనే ఉంది. బ్లూబోనెట్ అని నీలంరంగు పువ్వు, టెక్సస్ రాష్ట్ర పుష్పం. ఆ పేరుతో రాష్ట్ర ఏజెన్సీయే పాఠాలు తయారు చేయించింది. కిండర్‌గార్టెన్ నుంచి ఐదో తరగతి దాకా భాషాపాఠాల్లో బైబిల్ కథలు చోటుచేసుకున్నాయి. ఎదుటివారు నీతో ఎలా ఉండాలనుకుంటావో నువ్వూ వారితో అలా ఉండు అనే సూత్రం చెప్పడానికి కిండర్‌గార్టెన్‌లో కొండమీది ప్రసంగం, రెండో తరగతిలో ఎస్తేరు రాణి, ఐదో తరగతిలో డావిన్చీ గీసిన చివరి విందు చిత్రం వెనక కథ. వాడితీరాలని ఎవరినీ బలవంతం పెట్టలేదు. వాడితే మాత్రం ఒక్కో విద్యార్థికి 60 డాలర్ల దాకా అదనంగా వస్తాయి. చేతిలో డబ్బాడక ఇబ్బందిపడే బడికి ఇది బలవంతం కాదా అంటే నేను కాదనలేను.

2024 నవంబరు 22న బోర్డు ఓటేసింది. ఎనిమిది మంది అవునన్నారు, ఏడుగురు కాదన్నారు. ఒక్క ఓటు! రిపబ్లికన్లే ముగ్గురు కాదన్నవాళ్లలో ఉన్నారు. ఇంతకీ ఆ ఒక్క ఓటు ఎక్కడిదంటే, డాలస్ వైపు ఒక సభ్యురాలు శాసనసభకు వెళుతూ రాజీనామా చేశారు. ఆ సీటుకు టిఫనీ క్లార్క్ అనే డెమొక్రాట్ పోటీ లేకుండా ఎన్నికయ్యారు, కానీ జనవరిలోగాని కూర్చోరు. ఈ మధ్యలో రెండు నెలల ఖాళీ. ఆ ఖాళీలోకి గవర్నర్ గ్రెగ్ అబ్బాట్, ఓటింగుకు కొద్ది వారాల ముందు, లెస్లీ రెసినోస్‌ను నియమించారు. ఆవిడ అవునన్నారు. గవర్నర్‌కు ఆ అధికారం ఉంది, చట్టం తప్పిందేమీ లేదు. కానీ జనం పంపిన మనిషి గుమ్మంలో ఉండగా ఇంకొకరి చేత ఓటు వేయించారని అక్కడివాళ్లు బాధపడితే ఆ బాధలో న్యాయముంది.

దీనిమీద మా ఇంట్లోనే వాదన జరిగింది. "అమ్మా, నువ్వు గుంటూర్లో కాన్వెంట్లో చదవలేదా? రోజూ ప్రేయర్ చేసి ఇంటికొచ్చి తులసికోటకు దీపం పెట్టేదానివి. నీకేమైంది?" అంది మా అమ్మాయి. నిజమే, నాకేం కాలేదు. మిషనరీ బళ్లు లేకపోతే మన అమ్మమ్మల తరంలో ఎంతమంది ఆడపిల్లలకు అక్షరం ముక్క వచ్చేది? ఇంగ్లీషు సాహిత్యం చదవాలంటే బైబిల్ కథలు తెలియాలనే వాదన కూడా కొట్టేసేది కాదు. కానీ కాన్వెంటు మా నాన్నగారు ఏరికోరి పంపిన బడి. సర్కారు బడి అలా కాదు, అందరి పన్నులతో నడిచేది. అక్కడ ఆరేళ్ల పిల్ల కథకూ నమ్మకానికీ తేడా తెలుసుకోలేదు, మా ఇంట్లో ఇలా కాదని టీచరుకు ఎదురుచెప్పలేదు. అన్ని మతాల కథలూ సమానంగా ఉంటే నాకు అభ్యంతరం లేదు. ఒకటి కంచం నిండా, మిగతావి పచ్చడి మెతుకుల్లా ఉన్నాయనే అక్కడి విమర్శకుల గోడు. అందులో యూదులూ ముస్లిములూ హిందువులే కాదు, నమ్మకం చెప్పాల్సింది ఇంట్లో, చర్చిలో అనుకునే క్రైస్తవులు కూడా ఉన్నారు.

ఇంకో మార్పు మన పిల్లలకు మరీ దగ్గరిది. అక్కడ ఆరో తరగతిలో ప్రపంచ సంస్కృతులు అనే పాఠ్యాంశం ఉంటూ వచ్చింది. అందులోనే మన దేశం కాస్త కనబడేది. 2025 సెప్టెంబరులో బోర్డు సాంఘికశాస్త్రానికి కొత్త చట్రం ఎంచుకుంది. టెక్సస్ చరిత్ర, అమెరికా చరిత్ర పెరుగుతాయి, ప్రపంచం తగ్గుతుంది, ఆరో తరగతి ప్రత్యేక పాఠ్యాంశం ఉండదు. మళ్లీ అదే ఎనిమిది, ఏడు. పార్కులో ఈ సంగతి చెబితే, "అయ్యో, దీపావళి ప్రాజెక్టు మా వాడు ఆ క్లాసులోనే కదా చేసింది" అంది ఒకావిడ. ఆ చట్రం ఎంచుకున్నది ఎవరో ఆవిడకు తెలియదు.

అయితే మనవాళ్లు చేయగలిగిందేమిటి? హెచ్‌ఒన్, హెచ్‌ఫోర్, గ్రీన్‌కార్డు వాళ్లకు ఓటు లేదు, సరే. నోరుంది కదా. ఆస్టిన్‌లో బోర్డు సమావేశాలు బహిరంగంగా జరుగుతాయి. ముందుగా పేరు నమోదు చేసుకుంటే కొద్ది నిమిషాలు మాట్లాడనిస్తారు. బ్లూబోనెట్ మీద ఎంతోమంది తల్లులు అలాగే వచ్చి మాట్లాడారు. ఇంగ్లీషు తడబడుతుందని జంకే అమ్మాయిలకు ఒకటి చెబుతాను. అక్కడ గ్రామర్ ఎవరూ దిద్దరు.

పౌరసత్వం వచ్చినవాళ్లు ఇప్పుడు తక్కువేం కాదు. వాళ్లు కూడా అధ్యక్షుడి ఏడాదిలో నవంబరులో వెళ్లి ఓటేసి, స్టిక్కరు అతికించుకుని ఫొటో పెట్టి ఊరుకుంటున్నారు. తొమ్మిదో సీటులో చూశాం కదా, సంగతి తేలిపోయేది సరిసంఖ్య సంవత్సరాల్లో మార్చిలో జరిగే పార్టీ లోపలి ఎన్నికలో. దానికి వెళ్లేవాళ్లే కొద్దిమంది. రెండో విడతకు ఇంకా కొద్దిమంది. అభ్యర్థి ఏ దేవుణ్ణి నమ్ముతాడు, ఏ పార్టీ టోపీ పెట్టుకుంటాడు అన్నది అందరూ అడుగుతారు. ఆ సూపరింటెండెంట్లు అడిగినట్టు, మన డిస్ట్రిక్టులో ప్రత్యేక విద్య పిల్లలు ఎంతమంది, ఆరో తరగతిలో తీసేసిన పాఠం స్థానంలో ఏం పెడతారు, ఆ 60 డాలర్లు లేకపోతే మన బడి ఏ పుస్తకం కొనేది అని అడిగేవాళ్లు కావాలి. మార్కుల లిస్టు పట్టుకుని టీచరును గుక్క తిప్పుకోనివ్వకుండా అడగడం తెలుగు తల్లులకు కొత్తా?

చివరగా చిన్న సంగతి. టెక్సస్‌లో ఇదివరకు ఒక్క గుర్తు పెడితే ఆ పార్టీ వాళ్లందరికీ, పైనుంచి కిందిదాకా ఓటు పడిపోయేది. 2020 నుంచి అది తీసేశారు. ఇప్పుడు ఒక్కొక్క పదవికీ విడిగా గుర్తు పెట్టాలి. అధ్యక్షుడు, సెనేటరు, పార్లమెంటు సభ్యుడు అన్నీ అయ్యాక, చాలా కిందికి వస్తేగాని విద్యాబోర్డు కనిపించదు. మా అమ్మాయిని అడిగాను, పోయినసారి అక్కడిదాకా వచ్చావా అని. లైను పెద్దదిగా ఉంది, పిల్లాణ్ణి డేకేర్ నుంచి తీసుకురావాలి, సగంలో నొక్కేసి వచ్చేశానంది.